మా ఇంటి ముక్కు

మీ ఇంట్లో పోపు మాడితే ముందుగా ఎవరికి తెలుస్తుందండీ? మీకే కదూ! హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నా సరే, పెరట్లో బట్టలారేస్తున్నా సరే, ఆ వాసన వచ్చి చెవి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళుతుంది. నేనూ అలాంటిదాన్నే. చారు మరిగిందో లేదో గిన్నె మూత తీయకుండా చెప్పేదాన్ని. "మా కోడలి ముక్కు కుక్కముక్కు" అని మా అత్తగారు నలుగురిలో అనేవారు. మెచ్చుకోలో దెప్పుపొడుపో పాతికేళ్లయినా నాకు తేలలేదనుకోండి.

ఆ ముక్కు పోయింది. ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. కన్ను మసకబారితే తెలుస్తుంది, చెవి వినపడకపోతే పక్కవాళ్లయినా విసుక్కుంటారు. ముక్కు మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది.

2023 వేసవి. మాది తణుకు దగ్గర ఊరు. మా ఇంట్లో ఏటా రెండు జాడీల ఆవకాయ పడుతుంది. ఆ ఏడు రెండో జాడీకి నూనె చాలక, అటక మీద ఉన్న పాత డబ్బా దించి పోసేశాను. మూడో రోజు మూత తీసి తిరగ కలుపుతుంటే మా అత్తగారు గుమ్మంలోంచే "ఏమ్మాయ్, ఆ నూనె కంపు కొడుతోంది, చూసుకోలేదా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఏ పని చేసినా వంక పెట్టందే ఊరుకోరు కదా అనుకుని, జాడీలోకి వంగి గట్టిగా పీల్చాను. ఆవపిండి ఘాటుకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి గాని వాసన అంటూ ఏదీ లేదు. "బాగానే ఉందండీ" అన్నాను. సాయంత్రం మా వారు ఒక ముద్ద తిని ఉమ్మేశారు. ఇరవై కాయల ఆవకాయ పెంటకుప్ప పాలయింది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. ఆవకాయ పోయినందుకు కాదు, అత్తగారి మాట నిజమైనందుకు. మీ దగ్గర దాపరికమెందుకు!

అప్పటికి నాకు షుగరు వచ్చి తొమ్మిదేళ్లు. మాత్రలు వేసుకుంటాను, పెళ్లిళ్లకి వెళితే మానేస్తాను, మళ్లీ వేసుకుంటాను. మనలో చాలామంది అంతే కదా.

ఆవకాయ సంగతి జలుబు మీదకి తోసేశాను. అసలు భయం నెల తరువాత పట్టుకుంది. ఒక సాయంత్రం పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను అటు తిరిగి వంకాయలు తరుగుతున్నాను. తరిగి, ముక్కలు ఉప్పునీళ్లలో వేసి, రెండో పొయ్యి వెలిగిద్దామని లైటరు చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే ట్యూషన్ నుంచి వచ్చిన మా వాడు వీధి గుమ్మంలోంచి "అమ్మా, గ్యాసు! గ్యాసు!" అని అరుచుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాడు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, నన్నూ వాళ్ల నాయనమ్మనీ వీధిలోకి నడిపించాడు. ఫ్యాను స్విచ్చి మాత్రం ముట్టుకోనివ్వలేదు. స్విచ్చి వేసినా ఆపినా వచ్చే చిన్న నిప్పురవ్వ చాలట.

వీధి అరుగు మీద కూర్చున్నాక చూసుకుంటే లైటరు ఇంకా నా పిడికిట్లోనే ఉంది. "అంత కంపు కొడుతుంటే ఎలా నుంచున్నావమ్మా అక్కడ?" అని వాడు అడుగుతుంటే, నాకు ఆ వాసన అసలు రాలేదని చెప్పడానికి నోరు పెగల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వంటగ్యాసుకి తనంతట తనకి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. ఈథైల్ మెర్కాప్టన్ అనే కుళ్లువాసన పదార్థాన్ని కావాలనే కలుపుతారు, కారితే మనకి తెలియాలని. 1937లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊళ్లో, వాసన లేని గ్యాసు కారి బడి పేలిపోయి వందల మంది పిల్లలు చనిపోయాక, గ్యాసుకి వాసన కలపాలనే చట్టాలు వచ్చాయి. ముక్కు పోయినవాళ్లకి ఆ జాగ్రత్త ఎందుకు పనికొస్తుంది చెప్పండి? పైగా మన సిలిండరు గ్యాసు గాలికంటే బరువు, నేలబారున పరుచుకుంటుంది. కారినట్టు అనుమానమొస్తే 1906 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు. మా ఇంట్లో ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంది. మీరూ అంటించుకోండి.

మర్నాడే మా వారు రాజమండ్రి తీసుకెళ్లారు, చెవి ముక్కు గొంతు డాక్టరుగారి దగ్గరికి. ఆయన సన్నటి గొట్టంలాంటి కెమెరా ముక్కులోకి పంపి చూశారు. కండలేమీ పెరగలేదన్నారు. తరువాత కళ్లు మూసుకోమని ఒక్కొక్క సీసా ముక్కు కింద పెట్టారు. కాఫీపొడి, సబ్బు, లవంగాలు... "ఏమీ రావట్లేదండీ, ఏమీ రావట్లేదండీ" అంటూ కూర్చున్నాను. పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చిన పిల్లలా అనిపించింది. చివరికి ఒకటి పెడితే ఉలిక్కిపడి తల వెనక్కి తీసుకున్నాను. "వచ్చిందండీ!" అన్నాను సంబరంగా. ఆయన నవ్వి, "అది అమ్మోనియా అమ్మా. దాని ఘాటు వేరే నరం మోస్తుంది, వాసన నరం కాదు" అన్నారు.

నా కళ్లు తెరుచుకున్నది అప్పుడండీ. ఎండుమిరపకాయ పోపులో పడగానే తుమ్ముతున్నాను, దగ్గుతున్నాను కాబట్టి ముక్కు బాగానే ఉందనుకున్నాను. మిరపకాయ కోరు, ఆవ ఘాటు, జలుబు మందుల చల్లదనం, ఇవన్నీ ముఖానికి స్పర్శనిచ్చే నరం పని. ముక్కుకి వాసన పోయినా అవి తెలుస్తూనే ఉంటాయి. అందుకే నాలాంటి వంటమనిషికి మోసం.

ముక్కు లోపల పైకప్పులో తపాలాబిళ్లంత చోటు ఉంటుందట. వాసన కనిపెట్టే కణాలు అక్కడే ఉంటాయి. వాటి దారాల్లాంటి నరాలు జల్లెడలా చిల్లులున్న పల్చటి ఎముకలోంచి మెదడులోకి వెళతాయి. ఎన్ని వాసనలని ఎలా గుర్తుపడుతుందో కనిపెట్టినందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అనే ఇద్దరికి 2004లో నోబెల్ బహుమతి వచ్చిందని మా వాడు చెప్పాడు. ఒంట్లో నరాలకణాలు చాలామటుకు పోతే పోయినట్టే గాని, ఈ ముక్కు కణాలు మాత్రం పాతవి పోయి కొత్తవి పుడుతూ ఉంటాయట. "ఆశ పెట్టుకోవచ్చా డాక్టరుగారూ?" అంటే, "పెట్టుకోండి, తొందర మాత్రం పెట్టుకోకండి" అన్నారు.

కారణం ఒక్కటని చెప్పలేనన్నారు. 2021లో నాకు కరోనా వచ్చినప్పుడు పదిరోజులు వాసన పోయి తిరిగొచ్చింది. అదొకటి. షుగరు ఇంకొకటి. "పాదాల్లో తిమ్మిర్లున్నాయా?" అనడిగారు. ఉన్నాయి, రాత్రిళ్లు చీమలు పాకినట్టు. "సన్న నరాల్నీ, వాటికి రక్తమిచ్చే సన్న నాళాల్నీ షుగరు పాడుచేస్తుంది. కాళ్లలో చేసింది ముక్కులో చెయ్యకూడదని ఏముంది?" అన్నారు. మూడునెలల సగటు చూసే పరీక్ష, అదే హెచ్‌బిఎ1సి, చేయిస్తే 9.4 వచ్చింది. బి12 కూడా బాగా తక్కువ. నేను వేసుకునే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరికి బి12 తగ్గుతుందనీ, అదీ నరాలకి చేటేననీ చెప్పి ఇంజెక్షన్లు రాశారు. మీలో ఆ మాత్ర వాడేవాళ్లుంటే ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పరీక్ష సంగతి అడగండి. అంతేగాని మాత్ర మీరే మానెయ్యకండి!

9.4 ఎందుకొచ్చిందో ఇంటికొచ్చాక ఆలోచిస్తే తెలిసింది. రుచి తెలియక కూరలో ఉప్పు పెంచాను. పచ్చడి లేనిదే ముద్ద దిగట్లేదు. నాలిక్కి తీపీ పులుపూ ఉప్పూ చేదూ తెలుస్తాయి. కాని అది ములక్కాడ పులుసో దోసకాయ పులుసో చెప్పేది ముక్కే. అది లేకపోయేసరికి, కాస్త తెలిసే తీపి మీదకి మనసు పోయింది. అత్తగారికని చేసిన బెల్లం సున్నుండలు డబ్బాలో తరిగిపోవడానికి కారణం ఎవరో ఆవిడకి తెలుసు, అనలేదు.

ఇంతలో హైదరాబాదు నుంచి మా మరిది ఫోను. "వదినా, ఇక్కడ ఆక్సిజన్ చాంబర్ అని వచ్చింది. షుగరు వాళ్లకి ముక్కూ చెవీ అన్నీ బాగవుతాయట. ముప్ఫై సిట్టింగులు." ఒక్కో సిట్టింగుకి నాలుగు వేలు. లెక్క వేసుకోండి, లక్షా ఇరవై వేలు.

డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగాను. ఆయన చాంబర్ని తప్పుపట్టలేదు. సముద్రంలో లోతుకి దిగే డైవర్ల కోసం వాడుకలోకొచ్చిన వైద్యమది. బొగ్గుల కుంపటి పొగలో ఉండే విషవాయువు పీల్చినవాళ్లకి వాడతారు. మానని షుగరు పుళ్లు పాదాల మీద ఉన్నవాళ్లకి, మామూలు వైద్యంతో పాటు, కొందరికి పనిచేస్తుంది. "కాని ముక్కు వాసనకి పనిచేస్తుందని గట్టి రుజువు లేదమ్మా. నేనైతే రాసివ్వను" అన్నారు. అంత స్పష్టంగా చెప్పారండీ! అయినా వెళ్లాను. నెలలు ఆగమన్నాయన మాటకంటే ముప్ఫై రోజులన్న మాట తియ్యగా వినపడింది. మా అమ్మాయి పెళ్లికని కడుతున్న చీటీ పాడి, ముందు పది సిట్టింగులకి నలభై వేలు కట్టాను. మా వారు వద్దని ఒక్కసారి అన్నారు, రెండోసారి అనలేదు.

ఆ చాంబర్ ఎలా ఉంటుందో చెబుతాను వినండి. మనిషి పడుకునేంత పెద్ద గాజు గొట్టం. పట్టుచీర, నైలాను, పౌడరు, తలకి నూనె ఏదీ పనికిరాదు. లోపలంతా ఆక్సిజన్, చిన్న నిప్పురవ్వకీ భగ్గుమంటుందని వాళ్ల నూలు గౌనే వేయిస్తారు. సెల్‌ఫోను సరే సరి. పాతికేళ్లుగా నూనె లేకుండా గడప దాటని నా జుట్టు ఆ రోజుల్లో కొబ్బరిపీచులా ఉండేది. బల్ల మీద పడుకోబెట్టి లోపలికి తోసి తలుపు బిగిస్తే, మామిడికాయ ముక్కనై జాడీలో పడ్డట్టనిపించింది. తరువాత గాలి ఒత్తిడి పెంచుతారు. మామూలుకంటే రెండు రెట్లు, అంటే సముద్రంలో పది మీటర్ల లోతున ఉన్నంత. తిరుమల ఘాటురోడ్డులో చెవులు పట్టేస్తాయి చూడండి, అలా పట్టేస్తాయి. గుటకలు వెయ్యమంటారు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ ఐదోవంతే. అక్కడ పీల్చేదంతా అదే. ఆ ఒత్తిడికి అది రక్తంలో మామూలుకంటే ఎక్కువగా కరిగి, అందని మూలలకి కూడా అందుతుందని వైద్యం. గంటంబావు అలా పడుకోవాలి.

నాకు ముందు వెళ్లే పెద్దాయన ఒకరు ఉండేవారు. రైతు. బొటనవేలు దగ్గర పుండు, ఐదు నెలలుగా మానలేదట, పాదం తీసెయ్యాలన్నారట. కట్టు మార్చేటప్పుడు నేను కళ్లారా చూశాను, మొదటివారం నల్లగా ఉన్నచోట రెండోవారానికి ఎర్రటి కొత్త కండ. "అమ్మా, చెప్పేసుకుని పొలం గట్టు మీద నడుస్తానన్నమాట" అని పసిపిల్లాడిలా నవ్వేవారు. అందుకే ఆ యంత్రాన్ని నేను తిట్టను. ఆయన పనికి అది సరైనదే, నా పనికే కాదు.

షుగరువాళ్లకి ఆ చాంబర్లో షుగరు పడిపోయే ప్రమాదముంది. అందుకని ముందు వేలు గుచ్చి చూడాలి. రోజూ చూసేవారు. ఒకరోజు తొంభై ఆరు ఉందని బిస్కెట్లు తినిపించి, మళ్లీ చూశాకే పంపారు. ఎనిమిదో రోజు ఏదో హడావిడిలో గుచ్చకుండానే పడుకోబెట్టేశారు. నేనూ ఆ పూట మాత్ర వేసుకుని, మరిది వాళ్లింట్లో ఆలస్యమైందని ఒక్క ఇడ్లీ తిని వచ్చాను. అడగలేదని చెప్పలేదు, నా తప్పు నాకూ ఉంది. అరగంటకి చెమటలు, చేతుల వణుకు. గాజు మీద కొట్టాను. వాళ్లు చూశారు, కాని తలుపు వెంటనే తీయడానికి వీల్లేదు. ఒత్తిడి నెమ్మదిగా దించాలి. ఆ నాలుగైదు నిమిషాలు అవతల వాళ్ల నోళ్లు కదులుతున్నాయి, నాకు సరిగా వినపడదు. మా అమ్మాయి పెళ్లి చూస్తానా అనుకున్నాను. బయటికి తీసి చూస్తే యాభై ఎనిమిది. గ్లూకోజు నీళ్లు తాగాక లేచి కూర్చుని, మిగతా రెండు సిట్టింగుల డబ్బు అడక్కుండానే వచ్చేశాను. ముక్కు? ఎక్కడి గొంగళి అక్కడే.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న వంటింట్లోకి వెళ్లాలంటే కాళ్లు రాలేదు. గుమ్మంలో నుంచుని ఉంటే అత్తగారు కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి పొయ్యికి నాలుగడుగుల దూరంలో వేసుక్కూర్చున్నారు. "వెలిగించు. నేనున్నాగా" అన్నారు. అంతే. కూర వేగుతుంటే "ఇంకా పచ్చివాసన పోలేదు" అనేవారు. కాసేపటికి "ఇహ దించు" అనేవారు. పెరుగు, నిన్నటి పప్పు ఆవిడ ముక్కు దగ్గరికి వెళ్లందే కంచంలోకి రావు. ఆవిడకి డెబ్బై నాలుగు. షుగరు లేదు, మోకాళ్లు లేవు. ఒకప్పుడు ఆవిడ వంటింటి గుమ్మంలో నుంచుంటే నాకు గుండె దడ. ఇప్పుడు ఆవిడ చెల్లెలింటికి వెళతానంటే దడ.

నెల తిరిగాక రాజమండ్రి వెళ్లి డాక్టరుగారికి సంగతంతా చెప్పాను. ఆయన చివాట్లు పెట్టలేదు. ముక్కుకి చదువు చెప్పండి అన్నారు. జర్మనీలో డ్రెస్డెన్‌లో హుమ్మెల్ అనే డాక్టరు తన తోటివాళ్లతో కలిసి 2009లో రాసిన పద్ధతట. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి నాలుగు వాసనలు. రోజూ రెండుపూటలా ఒక్కొక్కటి కాసేపు వాసన చూడాలి, కనీసం పన్నెండు వారాలు. వట్టినే పీల్చడం కాదు, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తుకు తెచ్చుకుంటూ పీల్చాలి. అందరికీ రాదు, కొందరికి వస్తుంది. ఖర్చు లేదు.

దగ్గుమందు సీసాలు నాలుగు కడిగి, దూదిలో ఒక్కొక్క నూనె వేసి మూత పెట్టాను. పొద్దున్న కాఫీకి ముందు, రాత్రి పడుకోబోయే ముందు. దాంతోపాటు షుగరు కూడా పట్టుబట్టాను. సున్నుండల డబ్బా అత్తగారి గదిలోకి మారింది, సాయంత్రం కాలవగట్టు మీద నడక, పెళ్లిళ్లలో కూడా మాత్ర. మూడు నెలలకి 8.1, ఇంకో మూడు నెలలకి 7.2.

ముక్కు మాత్రం రెండు నెలలు ఉలకలేదు, పలకలేదు. నీలగిరి చల్లగా తగిలేది, అది లెక్కలోకి రాదని తెలుసు. లవంగం సీసా పట్టుకుని మా పుట్టింట్లో బిరియానీ రోజుల్ని తలుచుకునేదాన్ని. తొమ్మిదో వారం అనుకుంటాను, సీసా తీయగానే ఏదో వచ్చింది. లవంగం కాదు, తడిసిన అట్టపెట్టె వాసన. ఏడ్చేశాను. అత్తగారు కంగారుపడి వస్తే "కంపు కొడుతోందత్తయ్యా!" అన్నాను. "కొట్టనీవే తల్లీ, ఏదో ఒకటి కొట్టనీ" అన్నారు. నరాలు మళ్లీ అల్లుకునేటప్పుడు కొందరికి ముందు ఇలా తప్పుడు వాసనలే వస్తాయని డాక్టరుగారు చెప్పారు.

ఏం చేస్తే ఇది జరిగిందంటారా? షుగరు తగ్గడమా, బి12 సూదులా, సీసాల చదువా, ఊరికే కాలం గడవడమా? ఆయనా చెప్పలేనన్నారు. మా మరిది మాత్రం చాంబరే అంటాడు. అనుకోనివ్వండి.

ఇప్పటికి సగం వచ్చింది. కరివేపాకు వస్తుంది, నిమ్మ వస్తుంది, లవంగం లవంగంలాగే వస్తుంది. మల్లెపూలు ఇంకా రాలేదు. కాఫీ మాత్రం కాలిన సైకిలు టైరు వాసన కొడుతోంది, అందుకని టీకి మారాను. గ్యాసు కుళ్లువాసన వస్తుందో రాదో పరీక్షించే ధైర్యం లేక, పొయ్యి పక్కన నేలకి జానెడు ఎత్తులో గ్యాసు అలారం బిగించాం. మా వాడు ఒంటికి సెంటు కొట్టుకున్నప్పుడల్లా అది కూయడం మొదలెడుతుంది.

అత్తగారి కుర్చీ వంటింట్లోనే ఉంది. మొన్న ఆవకాయ పెట్టాం. నూనె గిన్నె ముందు నేను వాసన చూసి "బాగుందత్తయ్యా" అన్నాను. ఆవిడ గిన్నె తన ముందుకి లాక్కుని మూడుసార్లు పీల్చి, అప్పుడు పొయ్యమన్నారు.